లైన్ గ్రాఫ్: చుక్కలు పెడుతున్నారు, గీత కలుపుతున్నారు, చదవమంటే ఆగిపోతున్నారు

ప్రశ్న: గళ్లనోట్‌బుక్

అందరికీ నమస్కారం. 6, 7 తరగతులకు లైన్ గ్రాఫ్ చెప్పాలి. రెండు తరగతులూ కలిపి 38 మంది. పటచిత్రాలు, కమ్మీ చిత్రాలు బాగానే వచ్చు. లైన్ గ్రాఫ్‌కి వచ్చేసరికి ఈ తప్పులు కనిపిస్తున్నాయి.

నిలువు అక్షం మీద స్కేలు వేయమంటే పట్టికలో ఉన్న అంకెలనే వరసగా ఎక్కించేస్తున్నారు. 12, 15, 23, 40 ఉంటే గడికొకటి చొప్పున అవే రాస్తారు. దాంతో ఏ లెక్క ఇచ్చినా గీత తిన్నగా మెట్లెక్కినట్టే వస్తోంది.

"మీకు ఇష్టమైన పండు" లెక్కకీ చుక్కలు పెట్టి కలిపేస్తున్నారు. మామిడి నుంచి జామకి ఒక గీత, జామ నుంచి అరటికి ఇంకో గీత.

"10 గంటలకు ఎంత?" అంటే చెప్తారు. "పదిన్నరకి ఎంత ఉండొచ్చు?" అంటే పట్టికలో లేదంటారు. "ఎప్పుడు వేగంగా పెరిగింది?" అంటే గీతలో అన్నిటికంటే ఎత్తుగా ఉన్న చోట వేలు పెడతారు.

గ్రాఫ్ కాగితాలు మనిషికి రెండే ఉన్నాయి. చేతిలో ఐదారు పీరియడ్లు. చదవడం ముందు నేర్పాలా, గీయడం ముందా? ఎలాంటి కొలతలు ఇస్తే బాగుంటుంది? మార్కులు దేనికెన్ని వేయాలి?


జవాబు 1: సుద్దముక్క

చదవడమే ముందండి. అయితే మనం తెచ్చిన గ్రాఫ్ కాదు, వాళ్ల కళ్లముందు కొలిచిన అంకెలతో బోర్డు మీద మీరే గీసిన గ్రాఫ్. మీరు చెప్పిన మూడో తప్పుకి కారణం అక్కడే ఉంది. పట్టికలోని అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో తెలియని పిల్లకి, రెండు చుక్కల మధ్య కూడా ఏదో జరుగుతూనే ఉందని తట్టదు. గీత అంటే చుక్కల్ని కలిపే తాడు అనుకుంటుంది.

మొదటి పీరియడ్‌కి వేడినీళ్లు చల్లారడం కంటే మంచి ప్రయోగం లేదు. కావలసినవి: ఒక స్టీలు గ్లాసు, 200 మి.లీ. వేడినీళ్లు, ల్యాబ్ థర్మామీటరు, గోడ గడియారం. జ్వరం చూసే థర్మామీటరు వాడకూడదు. అది 42 డిగ్రీల వరకే ఉంటుంది, వేడినీళ్లలో పెడితే పగిలిపోతుంది. నీళ్లు 70 డిగ్రీలకు వచ్చాకే మొదలుపెట్టండి. పోయడం మీ చేత్తోనే. థర్మామీటరు బుడ్డి గ్లాసు అడుగుకి తగలకుండా నీళ్ల మధ్యలో ఉండాలి. రీడింగు తీసేటప్పుడు బయటికి తీయకూడదు, కన్ను గీతకు సమానమైన ఎత్తులో పెట్టి చూడాలి. ఐదేసి నిమిషాలకొకసారి, అరగంట. గది 30 డిగ్రీలుంటే దాదాపు ఇలాంటి అంకెలు వస్తాయి:

0 నిమిషాలు – 70
5 – 64
10 – 59
15 – 55
20 – 52
25 – 49
30 – 46

ఇక్కడ ఒక పని తప్పకుండా చేయించండి. ఒక పిల్లకి విడిగా చీటీ ఇచ్చి 12వ నిమిషంలో, 22వ నిమిషంలో కూడా రీడింగు చూసి ఎవరికీ చెప్పకుండా రాసి మడిచి పెట్టుకోమనండి. మిగతా తరగతికి అది తెలియకూడదు. గ్రాఫ్ గీసి చుక్కలు కలిపాక, "12వ నిమిషంలో ఎంత ఉండి ఉంటుంది?" అని అడగండి. అడ్డ అక్షం మీద 12 దగ్గర పెన్సిలు మొన పెట్టి, స్కేలు ఆనించి నిలువుగా గీత దాకా వెళ్లాలి. అక్కడినుంచి ఎడమకి తిరిగి నిలువు అక్షం చేరాలి. 57కీ 58కీ మధ్య వస్తుంది. అప్పుడు చీటీ విప్పించండి. ఒక డిగ్రీ అటో ఇటో అదే ఉంటుంది. 22వ నిమిషానికి 51 దగ్గర. చుక్కల మధ్య గీత ఎందుకు గీస్తామో ఆ చీటీ చెప్పినంత బాగా మనం మాటల్లో చెప్పలేం.

ఇంతవరకు పిల్లల చేతిలో గ్రాఫ్ కాగితం అక్కర్లేదు. బోర్డు మీద స్కేలుతో గళ్లు గీసుకోండి, గడి 10 సెం.మీ. ఉంటే వెనక బెంచీకి కనిపిస్తుంది.

అడిగే ప్రశ్నలు మూడు రకాలుగా పెట్టుకోండి, కలపకండి. "ఎంత ఉంది?" అనేది ఒకటి. అది చుక్క చూసి చెప్పేది. "ఎంత మారింది?" అనేది రెండోది. దానికి రెండు చుక్కలు చూసి తీసివేత చేయాలి. "ఇంకా కొలిస్తే ఏమవుతుంది?" మూడోది. వేగంగా ఎప్పుడు మారిందంటే ఎత్తైన చోటు చూపిస్తున్నారంటే, రెండో ప్రశ్నకి మొదటి ప్రశ్న జవాబు ఇస్తున్నారన్నమాట. దానికి మందు ఒకటే: ప్రతి రెండు చుక్కల మధ్య గీత పక్కన తేడా రాయించడం. పై అంకెల్లో 6, 5, 4, 3, 3, 3 వస్తాయి. తేడా పెద్దగా ఉన్నచోట గీత నిటారుగా వాలింది, చిన్నగా ఉన్నచోట పడుకుంది. వేలితో ఆ గీత మీద జారుస్తూ తేడాలు పైకి చదివితే ఎత్తు వేరు, వాలు వేరు అని రెండు పీరియడ్లలో కుదురుకుంటుంది.

మూడో రకం ప్రశ్నతో జాగ్రత్త. చివరి ముక్కకి స్కేలు ఆనించి అదే వాలులో పొడిగిస్తే గంట దగ్గరికి వచ్చేసరికి గీత 30 దాటి కిందికి పోతుంది. గదిలో ఉన్న స్టీలు గ్లాసు నీళ్లు అలా చల్లబడుతూ పోవు, కుండలో నీళ్ల కథ వేరు. కాబట్టి కొలిచిన చివరి చుక్క తర్వాత గీయాలనుకుంటే చుక్కల గీతే గీయాలి, "ఇది ఊహ" అని పక్కన రాయాలి. ఈ అలవాటు ఇప్పుడే పడాలి.


జవాబు 2: తూనికరాయి

పండ్ల లెక్కకి గీతలు కలపడం గురించి. "కలపకూడదు" అని నియమంలా చెప్తే వారం నిలవదు. ఒక పరీక్ష నేర్పండి: అడ్డ అక్షం మీద ఉన్న రెండు పేర్ల మధ్య ఇంకోటి ఉంటుందా? 10 గంటలకీ 11 గంటలకీ మధ్య పదిన్నర ఉంది. మామిడికీ జామకీ మధ్య ఏముంది? ఇంకో పరీక్ష: పేర్ల వరస మారిస్తే నష్టం ఉందా? జామని ముందుకు తెచ్చినా పండ్ల లెక్కలో ఏమీ మారదు, కానీ గీత ఆకారం మొత్తం మారిపోతుంది. వరస మారిస్తే మారిపోయే ఆకారానికి అర్థం లేదు. గంటల వరస మార్చడానికి వీల్లేదు.

మధ్యస్థంగా ఉండేవి కొన్ని ఉన్నాయి, పిల్లలు వాటి దగ్గరే అడుగుతారు. రోజువారీ హాజరు తీసుకోండి. మంగళవారానికీ బుధవారానికీ మధ్య హాజరు అంటే అర్థం లేదు. అయినా వారాల తరబడి పెరుగుతోందా తగ్గుతోందా చూడటానికి గీత కలపడం తప్పు కాదు. అప్పుడు మధ్యలో చదవమని మాత్రం అడగకూడదు. అందుకే మొదటి రెండు వారాలు హాజరు జోలికి పోవద్దని నా అభిప్రాయం. ఉష్ణోగ్రత, ఎత్తు, బరువు, నీటిమట్టం, నీడ పొడవు ఇవ్వండి. వీటిలో మధ్య విలువ నిజంగా ఉంటుంది.

వర్షం ఇంకో తిరకాసు. ఏ రోజుకారోజు పడ్డ వాన కమ్మీ చిత్రంలోకే వెళ్లాలి, ఎందుకంటే అది రోజంతా పోగైన మొత్తం. అదే జూన్ 1 నుంచి ఇప్పటిదాకా కూడుతూ వస్తే లైన్ గ్రాఫ్ అవుతుంది. ఆ గీత ఎప్పటికీ కిందికి దిగదు, వాన లేని రోజుల్లో అడ్డంగా సాగుతుంది. "ఈ గీత ఎందుకు దిగడం లేదు?" అని 7వ తరగతిని అడగండి, మంచి చర్చ వస్తుంది.

హాజరు లెక్క ఇచ్చేటప్పుడు ఆదివారం దగ్గర చాలామంది పిల్లలు సున్నా పెడతారు, గీత ఒక్కసారిగా అడుగుకి పడి మళ్లీ లేస్తుంది. బడి లేకపోవడం, పిల్లలెవరూ రాకపోవడం ఒకటి కాదు. కొలత తీసుకోని చోట చుక్క ఉండదు. అటూ ఇటూ చుక్కల్ని కలపాలంటే చుక్కల గీతతో కలపాలి, లేదా ఖాళీ వదలాలి.


జవాబు 3: గోదారిగట్టు

చదవడానికి మన దగ్గర తిరుగులేని లెక్క ఒకటుంది, భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు. వరద రోజుల్లో గంట గంటకీ ఈ అంకెలు పత్రికల్లో, టీవీల్లో వస్తూనే ఉంటాయి, పిల్లలకి కొత్త కాదు. గ్రాఫ్‌లో ఆ మూడు ఎత్తుల దగ్గర ఎర్ర పెన్సిలుతో మూడు అడ్డగీతలు గీయించండి. ఆ తర్వాత నీటిమట్టం గీత.

ఇవి లెక్క కోసం నేను వేసిన అంకెలు, ఏ వరదవీ కావు:

ఉదయం 6 – 38 అడుగులు
ఉదయం 10 – 40
మధ్యాహ్నం 2 – 42
సాయంత్రం 6 – 46
రాత్రి 10 – 49
రాత్రి 2 – 50
మర్నాడు ఉదయం 6 – 50
ఉదయం 10 – 48

అడ్డంగా గంటకి అర సెం.మీ., అంటే 4 గంటలకి 2 సెం.మీ. మొత్తం 14 సెం.మీ. వస్తుంది. నిలువుగా 36 నుంచి 54 వరకు, 1 సెం.మీ.కి 2 అడుగులు, 9 సెం.మీ. చాలు.

అడగాల్సినవి: మొదటి హెచ్చరిక ఎన్నింటికి దాటింది? పట్టికలో 43 లేదు. గీత ఎర్రగీతను ఖండించిన చోటునుంచి కిందికి దిగాలి, మధ్యాహ్నం 3 వస్తుంది. లెక్కతో సరిచూడండి: 2 నుంచి 6 లోపు 4 గంటల్లో 4 అడుగులు, కాబట్టి ఒక అడుగుకి గంట. రెండో హెచ్చరిక? 6కి 46, 10కి 49. 4 గంటల్లో 3 అడుగులు పెరిగితే 2 అడుగులకి 2 గంటల 40 నిమిషాలు, అంటే రాత్రి 8:40. గ్రాఫ్ మీద ఎనిమిదిన్నరకీ తొమ్మిదికీ మధ్య అని చెప్పినా ఒప్పుకోండి. రెండో హెచ్చరిక ఎంతసేపు ఉంది? మర్నాడు 10కి మళ్లీ 48కి దిగింది కాబట్టి 13 గంటల 20 నిమిషాలు. వరద ఎప్పుడు జోరుగా పెరిగింది? 2 నుంచి 6. ఎప్పుడు నిలకడగా ఉంది? రాత్రి 2 నుంచి ఉదయం 6. ఇక్కడ ఒక్కమాట పట్టించి చెప్పాలి: గీత అడ్డంగా ఉన్నంతమాత్రాన నది ఆగిపోయిందని కాదు, వరద తగ్గిందనీ కాదు. అన్నిటికంటే ఎక్కువ నీళ్లున్న సమయం అదే. పెరగడం ఆగింది, అంతే.

ఇది అయ్యాక 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిందని చెప్పి, ఆ గరిష్ఠాలు కూడా ఇదే కాగితం మీద గుర్తించమనండి. 2 అడుగుల స్కేలుతో నోట్‌బుక్‌లో పట్టదు. 35 నుంచి 80 వరకు, 1 సెం.మీ.కి 5 అడుగులు అని స్కేలు మార్చుకోవాల్సి వస్తుంది. మార్చగానే పాత గీత చదునైపోతుంది. స్కేలు ఎందుకు మార్చుకుంటామో, మారిస్తే చూపు ఎలా మారుతుందో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

అక్షం సున్నా నుంచే మొదలవ్వాలా అనే ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. దానికి నాగార్జునసాగర్ తీసుకోండి. పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస నీటిమట్టం 510. సున్నా నుంచి మొదలుపెట్టి 1 సెం.మీ.కి 50 అడుగులు వేస్తే, జలాశయం అడుగంటడం నుంచి నిండుకుండ కావడం దాకా మొత్తం మార్పు 1.6 సెం.మీ.లో ఇరుక్కుంటుంది. 500 నుంచి మొదలుపెట్టి 1 సెం.మీ.కి 10 అడుగులు వేస్తే 8 సెం.మీ. వస్తుంది. రెండూ పక్కపక్కన గీయించండి. కమ్మీ చిత్రంలో కమ్మీ పొడవే విలువ కాబట్టి సున్నా నుంచే మొదలవ్వాలి. లైన్ గ్రాఫ్‌లో చూసేది మార్పు కాబట్టి మధ్యనుంచి మొదలుపెట్టవచ్చు, కానీ అక్షం అడుగున వంకర గీత పెట్టి "ఇక్కడ కొంత వదిలేశాం" అని చూపించి తీరాలి.


గళ్లనోట్‌బుక్

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. చీటీ ఆలోచన, ఎర్రగీతల లెక్క రెండూ పెట్టుకుంటాను. ఇంకో రెండు అడుగుతాను. స్కేలు నిర్ణయించడం పిల్లలకి ఒక పద్ధతిగా ఎలా చెప్పాలి? "చూసి వేసుకోండి" అంటే సగం మందికి రావడం లేదు. రెండోది, కొలతలు సమాన వ్యవధిలో లేనప్పుడు ఏం చేయించాలి? నెలలు 1, 2, 3, 6, 9 అని ఉంటే వాటినీ గడికొకటి రాసేస్తున్నారు.


జవాబు 4: కొలబద్ద

స్కేలు గురించి. పట్టికలోని అంకెలు అక్షం మీదికి ఎక్కేస్తున్నాయంటే, పట్టిక కంటే ముందు అక్షం చేతికి రాలేదన్నమాట. వరస తిప్పండి. మొదటిరోజు పట్టికే ఇవ్వకండి. "0 నుంచి 60 దాకా నిచ్చెన గీయండి, మెట్టుకి 5" అని అక్షం మాత్రమే వేయించండి. తర్వాత మెట్టుకి 10, మెట్టుకి 20. ఆ నిచ్చెన మీద 35 ఎక్కడ, 42 ఎక్కడ, 7 ఎక్కడ అని చుక్క పెట్టించండి. మెట్టు మీద లేని అంకెకి చోటు దొరకడం అలవాటయ్యాకే పట్టిక ఇవ్వాలి.

పట్టిక ఇచ్చాక చేసే పని ఇది. పట్టికలో అన్నిటికంటే పెద్ద అంకె చుట్టూ సున్నా చుట్టాలి, చిన్న అంకె కింద గీత. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి. ఎన్ని సెంటీమీటర్ల చోటుందో లెక్కపెట్టాలి. తేడాని ఆ చోటుతో భాగించి, వచ్చినదాన్ని పైకి జరిపి 1, 2, 5, 10, 20, 50 ల్లో దగ్గరదాన్ని పట్టుకోవాలి. ఉదాహరణకి చిన్నది 12, పెద్దది 87, చోటు 10 సెం.మీ. తేడా 75, భాగిస్తే 7.5, పైకి జరిపితే 10. అక్షం 10 దగ్గర మొదలై 90 దాకా, 8 సెం.మీ. సరిపోయింది. 7.5 ని 7 కి దించితే 10 సెం.మీ.లో 70 కే చోటుంటుంది, పెద్ద అంకె కాగితం బయటికి పోతుంది. ఎప్పుడూ పైకే జరపాలని అందుకే.

3, 7 లాంటి స్కేళ్లు వద్దు. గ్రాఫ్ కాగితంలో సెంటీమీటరుకి 10 చిన్న గళ్లు. స్కేలు 10 అయితే చిన్న గడి 1, స్కేలు 5 అయితే చిన్న గడి 0.5. స్కేలు 3 అయితే చిన్న గడి 0.3. అప్పుడు 14 ఎక్కడ పెట్టాలో పిల్లకే కాదు, దిద్దే మనకీ కష్టమే.

గీశాక సరిచూసుకునే పద్ధతి: అక్షం మీద పక్కపక్క అంకెల తేడాలు సన్నగా పెన్సిలుతో రాయాలి. 10, 10, 10, 10 అని వస్తే సరే. ఎక్కడైనా వేరేది వస్తే అక్కడ తప్పు. 12, 15, 23, 40 రాసిన పిల్ల ఈ పని చేస్తే 3, 8, 17 వస్తాయి, తన తప్పు తనే చూస్తుంది.

ఇంకో తప్పు మీరు రాయలేదు కానీ ఉండే ఉంటుంది: అంకెల్ని గీత ఎదురుగా కాక రెండు గీతల మధ్య ఖాళీలో రాయడం. ఇది కమ్మీ చిత్రం నుంచి వచ్చిన అలవాటు. అక్కడ కమ్మీ కింద ఖాళీలో పేరు రాస్తారు, అది సరైనదే. లైన్ గ్రాఫ్‌లో అంకె గీతది, గడిది కాదు. చేతిలో ఉన్న స్కేలు చూపించండి: 1 అనేది గీత దగ్గరే ఉంటుంది, 0కీ 1కీ మధ్య ఖాళీలో ఉండదు.

మీ రెండు కాగితాల సంగతికి వస్తే, మొదటి నాలుగు పీరియడ్లు మామూలు గళ్ల నోట్‌బుక్ చాలు. పెద్ద గళ్లుంటే మెట్లు లెక్కపెట్టడం తేలిక, చిన్న గళ్ల గందరగోళం ఉండదు. గ్రాఫ్ కాగితం ఒకటి ఐదో పీరియడ్‌కి, ఒకటి పరీక్షకి దాచండి.

మార్కులు 10కి ఇలా వేస్తాను: పేరు 1, రెండు అక్షాలకీ ఏమిటో, ఏ ప్రమాణమో రాస్తే 2, సమాన స్కేలు 2, చుక్కలు 2, స్కేలుతో కలిపితే 1, గ్రాఫ్ చూసి ఒక వాక్యం రాస్తే 2. చివరి రెండూ తీసేయకండి. "ఉష్ణోగ్రత తగ్గింది" అని మాత్రమే రాస్తే 1, "మొదటి 5 నిమిషాల్లో 6 డిగ్రీలు, చివరి 5 నిమిషాల్లో 3 డిగ్రీలే తగ్గింది" అని రాస్తే 2. మార్కుందంటేనే వాక్యం రాస్తారు.


జవాబు 5: సుద్దముక్క

వ్యవధి సమానంగా లేని కొలతలకి అంగన్‌వాడీ ఎదుగుదల చార్టు చూపించండి. పిల్లల ఇళ్లల్లో చిన్నపిల్లలుంటే తల్లీబిడ్డల కార్డులోనే ఉంటుంది. అడ్డంగా నెలలు, నిలువుగా కిలోలు, ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు. దాంట్లో నెలలన్నీ వరసగా అచ్చయి ఉంటాయి. బరువు చూడని నెలకి చుక్క ఉండదు కానీ దాని చోటు దానికి ఉంటుంది. మీ పిల్లలకి అర్థం కావాల్సింది అదే. కొలవకపోయినా కాలం గడుస్తుంది కాబట్టి చోటు వదలాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో మగపిల్లల మధ్యస్థ బరువు ఇది:

పుట్టినప్పుడు – 3.3 కిలోలు
1 నెల – 4.5
2 నెలలు – 5.6
3 నెలలు – 6.4
6 నెలలు – 7.9
9 నెలలు – 8.9
12 నెలలు – 9.6

రెండు జట్లు చేయండి. ఒక జట్టు నెలల్ని గడికొకటి చొప్పున రాయాలి, 3 పక్కనే 6, 6 పక్కనే 9. రెండో జట్టు 0 నుంచి 12 దాకా అన్ని నెలలకీ చోటు పెట్టాలి. మొదటి జట్టు గ్రాఫ్‌లో 3 నుంచి 6 మధ్య గీత అన్నిటికంటే నిటారుగా లేస్తుంది, ఒక్క గడిలో 1.5 కిలోలు. బిడ్డ అప్పుడే అన్నిటికంటే వేగంగా పెరిగిందని చదువుతారు. రెండో జట్టు గ్రాఫ్‌లో మొదటి నెలే నిటారు, 1.2 కిలోలు. 3 నుంచి 6 మధ్య నెలకి అర కిలోనే. అవే అంకెలు, చెప్పేది తారుమారు. రెండూ పక్కపక్కన గోడకి అంటించండి, ఆ తర్వాత గడికొకటి రాయడం తగ్గుతుంది.

గ్రాఫ్‌ని బొమ్మలా చూసే తప్పు ఇంకా మీ దాకా వచ్చినట్టు లేదు, దూరం–కాలం గ్రాఫ్ ఇచ్చినరోజు వస్తుంది. గీత ఎక్కి దిగితే "కొండెక్కి దిగాడు" అంటారు. దానికి నడిపించడమే మార్గం. వరండాలో 10 మీటర్లు సుద్దతో గీసి మీటరుకొక గుర్తు పెట్టండి. ఒకరు నడవాలి, ఒకరు 2 సెకన్లకొకసారి చప్పట్లు కొట్టాలి, ఒకరు చప్పట్టుకి ఏ గుర్తు దగ్గరున్నాడో రాయాలి. నడక ఇలా చెప్పండి: నెమ్మదిగా 4 మీటర్లు వెళ్లు, 6 సెకన్లు నిలబడు, తర్వాత గబగబా వెనక్కి రా. నేల చదునుగానే ఉంది, గ్రాఫ్ మాత్రం ఎక్కి, అడ్డంగా సాగి, దిగింది. నిలబడ్డ 6 సెకన్లకి చాలామంది ఒకే చుక్క పెడతారు, మనిషి కదల్లేదు కదా అని. మనిషి కదలకపోయినా గడియారం కదిలింది, అందుకే అక్కడ మూడు చప్పట్లకి మూడు చుక్కలు ఒకే ఎత్తులో పక్కపక్కన పడాలి. నిట్టనిలువు గీత గీసిన పిల్ల ఉంటే, "ఒకే సెకనులో 2 మీటర్ల దగ్గరా 5 మీటర్ల దగ్గరా ఉన్నాడా?" అని అడిగితే తనే చెరిపేస్తుంది.


జవాబు 6: తూనికరాయి

బడిలో కంప్యూటరు ఉంటే చేత్తో రెండు గ్రాఫులు గీశాకే దాని దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్సెల్‌లో గానీ లిబ్రేఆఫీస్‌లో గానీ "లైన్" అనే చార్టు ఎంచుకుంటే అడ్డంగా ఉన్న నెలల్ని అది పేర్లలాగే చూస్తుంది. 3, 6, 9, 12 కూడా సమాన దూరంలో పెట్టేస్తుంది, అంటే పైన చెప్పిన మొదటి జట్టు తప్పే చేస్తుంది. వ్యవధి సమానంగా లేకపోతే గీతలతో ఉన్న "ఎక్స్ వై స్కాటర్" ఎంచుకోవాలి. గీతని నునుపుగా చేసే ఎంపిక కూడా తీసేయండి. అందంగా కనిపిస్తుంది గానీ చుక్కల మధ్య ఎవరూ కొలవని ఎత్తులు, పల్లాలు కల్పిస్తుంది. నిలువు అక్షం ఎక్కడినుంచి మొదలైందో కూడా అదే నిర్ణయిస్తుంది, పిల్లలు ముందు అదే చూడాలి.

ఒక మంచి కొలత ఎవరూ చెప్పలేదు, నీడ. మీటరు పొడవు కర్ర నిలువుగా పాతి, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా అరగంటకొకసారి నీడ కొలవాలి. గీత లోయలా దిగి మళ్లీ లేస్తుంది. లోయ అడుగు సరిగ్గా 12కి వస్తుందని అందరూ అనుకుంటారు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, అది కాకినాడ దగ్గరుంది. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు పావుగంట ఆలస్యం. రుతువుని బట్టి ఇంకో పావుగంట దాకా అటూ ఇటూ అవుతుంది. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో కొలిస్తే పన్నెండున్నర దగ్గర వస్తుంది. 12కీ 12:30కీ తీసిన చుక్కలే ఉంటాయి కాబట్టి అసలు అడుగు ఎక్కడుందో గ్రాఫ్ చూసి వెతకాలి. ఆ చుట్టుపక్కల 5 నిమిషాలకొకసారి కొలిస్తే ఇంకా బాగా దొరుకుతుంది. ఎండలో ఒక్కరినే నిలబెట్టకండి, జట్లుగా మార్చండి.


గళ్లనోట్‌బుక్

సోమవారం వేడినీళ్లతో మొదలుపెడతాను. చిన్న సందేహం: చుక్క పెట్టించాలా, ఇంటూ గుర్తా? పుస్తకాల్లో రెండూ కనిపిస్తున్నాయి.


కొలబద్ద

సన్నని ఇంటూ గుర్తు పెట్టించండి. గీత దాటి వెళ్లాక చుక్క గీతలో కలిసిపోతుంది, ఎక్కడ కొలిచారో ఎక్కడ కలిపారో తెలియదు. ఇంటూ గుర్తు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. గుర్తు ఒక చిన్న గడి దాటకూడదు. పెన్సిలు చెక్కించి మరీ మొదలుపెట్టండి, మొద్దు పెన్సిలుతో పెట్టిన చుక్క రెండు గళ్లు మింగేస్తుంది, చదివినప్పుడు ఒక డిగ్రీ తేడా అక్కడే వస్తుంది.